యూదు వ్యతిరేకత, యూదు సముదాయ జీవనం: కొత్తరెడ్డిపాలెం ఉదాహరణగా ఒక పరిశీలన

7.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• యూదు వ్యతిరేకత అంటే ఏమిటో, అది ఏయే రూపాల్లో కనిపిస్తుందో వివరించగలుగుతారు.
• ఒక వదంతి ద్వేషంగా, ద్వేషం హింసగా మారే క్రమాన్ని గుర్తించగలుగుతారు.
• గుంటూరు జిల్లాలోని తెలుగు యూదుల చరిత్రను, వారి సమస్యలను చెప్పగలుగుతారు.
• ఒక చిన్న మత సముదాయం నిలబడడానికి ఏమి అవసరమో, అందులో పౌరులుగా మీ పాత్ర ఏమిటో చర్చించగలుగుతారు.

7.1 విషయ పరిచయం

ఈ పాఠం పేరు చూడగానే మీలో చాలామందికి ఒక సందేహం రావచ్చు. "మా ఊళ్లో యూదులే లేరు కదా, ఈ విషయం మాకెందుకు?" అని. సహేతుకమైన సందేహమే. నేను ఈ పాఠం రాస్తున్న గొలుగొండ మండలంలో యూదుల ప్రార్థనా మందిరం లేదు. ఇక్కడ చదువుకుంటున్న విద్యార్థుల్లో ఎక్కువమంది జీవితంలో ఒక్క యూదుణ్ణి కూడా చూసి ఉండరు.

అయితే ఒక విషయం గమనించండి. యూదుణ్ణి చూడకపోయినా యూదుల గురించి మనకు చాలా "తెలుసు". యూదులు డబ్బు మనుషులని విన్నాం. ప్రపంచాన్ని తెరవెనుక నడిపించేది వారేనని ఫోనుకు వచ్చిన వీడియోలో చూశాం. యేసును చంపింది వారేనని ఎక్కడో విన్నాం. వారికి పుట్టుకతోనే అపారమైన తెలివి ఉంటుందనీ చదివాం. మనిషి పరిచయం లేకుండానే ఆ మనిషి గురించి ఇంత సమాచారం మన దగ్గరికి ఎలా చేరింది? ఈ పాఠానికి మూలమైన ప్రశ్న ఇదే.

ఇక యూదులు మనకు అంత దూరంలోనూ లేరు. గొలుగొండకు 300 కిలోమీటర్లకు పైగా దూరంలో, గుంటూరు జిల్లా చేబ్రోలు మండలంలో కొత్తరెడ్డిపాలెం అనే గ్రామం ఉంది. అక్కడ తెలుగు మాట్లాడే, వ్యవసాయ కూలి చేసుకుని బతికే కొన్ని కుటుంబాలు యూదు మతాన్ని ఆచరిస్తున్నాయి. వారు తమను "బెనె ఎఫ్రాయిము", అంటే ఎఫ్రాయిము సంతతి, అని పిలుచుకుంటారు.

7.2 యూదు వ్యతిరేకత: అర్థం

యూదులను యూదులైనందుకే ద్వేషించడం, అనుమానించడం, వారికి హక్కులు నిరాకరించడం, వారిపై దాడి చేయడం యూదు వ్యతిరేకత. ఇంగ్లీషులో దీన్ని "యాంటీ సెమిటిజం" అంటారు. జర్మనీలో 1879 ప్రాంతంలో విల్‌హెల్మ్ మార్ అనే రచయిత ఈ మాటను ప్రచారంలోకి తెచ్చాడు. సెమిటిక్ అనేది నిజానికి హీబ్రూ, అరబిక్, అరామిక్ వంటి భాషల కుటుంబానికి పేరు. పాత మతద్వేషానికి శాస్త్రీయమైన రంగు పూయడానికి భాషాశాస్త్రం నుంచి ఈ పదాన్ని అరువు తెచ్చుకున్నారు. మతం కారణంగా ద్వేషిస్తే మతం మార్చుకున్నవాడు తప్పించుకోవచ్చు. రక్తం కారణంగా ద్వేషిస్తే తప్పించుకునే దారి ఉండదు. 1935లో నాజీ జర్మనీ చేసిన న్యూరెంబర్గ్ చట్టాలు తాతముత్తాతల మతాన్ని లెక్కగట్టి ఎవరు యూదులో నిర్ణయించాయి. ఆ లెక్క చివరికి సుమారు 60 లక్షల మంది యూదుల హత్యకు దారితీసింది. దీనినే హోలోకాస్ట్ అంటారు.

పుట్టుకతోనే మనిషి గుణాన్ని నిర్ణయించే పద్ధతి మనకు కొత్తది కాదు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం చేసింది. తరువాత మద్రాసు రాజ్యంలో ఎరుకల వంటి సముదాయాలను దాని కిందికి తెచ్చి, స్టువర్టుపురం వంటి సెటిల్‌మెంట్లలో ఉంచింది. 1952లో ఆ చట్టం రద్దయింది. అయినా ఆ తరువాత కూడా దశాబ్దాలపాటు ఊరి పేరు చెప్పగానే "దొంగలు" అనే మాట వచ్చింది. అక్కడ పుట్టిన పిల్లవాడు ఏ నేరం చేశాడని ఎవరూ అడగలేదు. యూదు వ్యతిరేకతను అర్థం చేసుకోవడానికి మన నేల మీద ఇంతకంటే దగ్గరి పోలిక లేదు.

7.3 ద్వేషం పుట్టే విధానం

7.3.1 కారణం దొరకని కష్టం

ఏజెన్సీ ప్రాంత విద్యార్థులకు "చిల్లంగి" గురించి చెప్పనక్కరలేదు. ఊళ్లో ఒకరికి జబ్బు చేస్తుంది. కారణం తెలియదు. వెంటనే ఎవరో ఒకరి మీద, ఎక్కువగా ఒంటరి మనిషి మీదో అండ లేని ఇంటి మీదో, చిల్లంగి పెట్టారనే అనుమానం పడుతుంది. అనుమానం ఊరంతా పాకుతుంది. ఆ తరువాత జరిగే దారుణాలు పత్రికల్లో చదువుతూనే ఉన్నాం.

1348–49లో ఐరోపాలో ప్లేగు వ్యాపించినప్పుడు జరిగినది ఇదే. జబ్బు ఎలా వస్తోందో ఎవరికీ తెలియదు. యూదులు బావుల్లో విషం కలిపారనే పుకారు పుట్టింది. యూదులు కూడా అదే ప్లేగుతో చనిపోతున్నారని పోప్ ఆరవ క్లెమెంట్ 1348లో ప్రకటించినా చాలా పట్టణాలు వినలేదు. 1349 ఫిబ్రవరిలో స్ట్రాస్‌బర్గ్ నగరంలో వందలాది యూదులను సజీవంగా దహనం చేశారు. చిల్లంగికీ దీనికీ పరిమాణంలోనే తేడా. క్రమం ఒక్కటే: కారణం తెలియని కష్టం, భిన్నంగా కనిపించే పొరుగువాడు, వదంతి, హింస.

7.3.2 వృత్తిని గుణంగా చూడడం

తెలుగు పత్రికల్లో అధిక వడ్డీ గుంజేవారిని "షైలాక్" అనడం మీరు చూసే ఉంటారు. షైలాక్ షేక్‌స్పియర్ నాటకం "వెనిస్ వర్తకుడు"లోని యూదు పాత్ర. 1290లోనే ఇంగ్లండు తన యూదులను వెళ్లగొట్టింది. షేక్‌స్పియర్ ఆ నాటకం రాసింది 1590లలో. అంటే మూడు వందల ఏళ్లుగా యూదు సముదాయం బహిరంగంగా బతకడానికి వీల్లేని దేశంలో యూదుడి బొమ్మ తయారైంది!

మరి వడ్డీ వ్యాపారంతో యూదులకు సంబంధం ఎలా వచ్చింది? మధ్యయుగ ఐరోపాలోని చాలా ప్రాంతాల్లో వారికి భూమి కొనే హక్కు లేదు. చేతివృత్తుల సంఘాల్లో చోటు లేదు. క్రైస్తవులు వడ్డీకి ఇవ్వడాన్ని చర్చి నిషేధించింది. ఆ ఖాళీలోకి కొంతమంది యూదులను నెట్టారు. తరువాత ఆ పని చేస్తున్నందుకే వారిని ద్వేషించారు. ముందు వృత్తిని అంటగట్టి, ఆ తరువాత ఆ వృత్తిని చూపి మనిషిని తక్కువ చేసే పద్ధతి కులవ్యవస్థ ఎరిగిన మనకు విప్పి చెప్పనక్కరలేనిది.

7.3.3 దొంగ పత్రం

"సియోను పెద్దల రహస్య ప్రణాళికలు" అనే పేరుతో 1903లో రష్యాలో ఒక రచన అచ్చయింది. యూదు నాయకులు రహస్యంగా కూడి ప్రపంచాన్ని చేజిక్కించుకునేందుకు వేసిన పథకం అది అని ప్రచారం చేశారు. 1921లో లండన్ "టైమ్స్" పత్రిక అది కల్పితమని సాక్ష్యంతో నిరూపించింది. 1864లో ఫ్రాన్సు చక్రవర్తిని విమర్శిస్తూ వచ్చిన ఒక వ్యంగ్య గ్రంథం నుంచి దానిలోని భాగాలను కాపీ కొట్టారని తేలింది. ఆ గ్రంథంలో యూదుల ప్రసక్తే లేదు. అయినా నేటికీ అదే కథ కొత్త వేషంలో, కొత్త పేర్లతో ఫోన్లలో తిరుగుతోంది. ప్రపంచంలో యూదులు సుమారు కోటిన్నర మంది, అంటే ప్రపంచ జనాభాలో వెయ్యికి ఇద్దరు.

7.3.4 ఒక పేరు తెచ్చిన చిక్కు

తెలుగు బైబిలులో యేసును అప్పగించిన శిష్యుడి పేరు "ఇస్కరియోతు యూదా". ఒక గోత్రం పేరు కూడా యూదానే. జాతి పేరు యూదులు. చెవికి మూడూ ఒక్కలాగే వినిపిస్తాయి. దీనితో ద్రోహి పేరు ఒక జాతి మొత్తానికీ అంటుకునే ప్రమాదం మన భాషలో మరింత ఎక్కువ. యేసు, ఆయన తల్లి, ఆయన శిష్యులందరూ యూదులేనన్న సంగతి మరుగున పడుతుంది. యేసు మరణానికి నాటి యూదులందరినీ గాని, నేటి యూదులను గాని బాధ్యులను చేయరాదని రోమన్ కాథలిక్ సంఘం 1965 అక్టోబరు 28న "నోస్ట్రా ఏటాటే" అనే ప్రకటనలో స్పష్టం చేసింది. గుడ్ ఫ్రైడే నాటి ప్రసంగం చేసే ప్రతివారూ గుర్తుంచుకోవలసిన ప్రకటన ఇది.

7.3.5 పొగడ్త రూపం

"యూదులు పుట్టుకతోనే మేధావులు" అనడం ద్వేషం కాదు కదా అని మీరు అనవచ్చు. కాని ఇదీ అదే అచ్చులో పోసిన మాట. జాతి మొత్తానికి ఒకే గుణం అంటగట్టడం ఇందులోనూ ఉంది. "అంత తెలివిగలవాళ్లు, అందుకే లోకాన్ని ఆడిస్తున్నారు" అన్న మాట దీనికి ఒక్క అడుగు దూరంలోనే ఉంది. కొత్తరెడ్డిపాలెంలో మిరప కోతకు వెళ్లే కూలి మనిషికి ఈ పొగడ్త ఏ విధంగానూ ఉపయోగపడదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
1. మతద్వేషానికీ జాతిద్వేషానికీ తేడా ఏమిటి?
2. చిల్లంగి ఆరోపణకూ 1348–49 నాటి విషప్రయోగ ఆరోపణకూ ఉన్న పోలికలు రాయండి.

7.4 భారతదేశంలో యూదులు

భారతదేశంలో యూదు సముదాయాలు శతాబ్దాలుగా ఉన్నాయి. కేరళలోని కొచ్చిన్ యూదులు, కొంకణ తీరంలోని బెనె ఇజ్రాయెల్, బొంబాయి, కలకత్తా నగరాల్లో స్థిరపడిన బాగ్దాదీ యూదులు వీరిలో ముఖ్యులు. కేరళ పాలకుడు భాస్కర రవివర్మ సుమారు క్రీ.శ. 1000 ప్రాంతంలో జోసెఫ్ రబ్బాన్ అనే యూదు ప్రముఖుడికి ప్రత్యేక హక్కులిస్తూ రాగి శాసనం వేయించాడు. కొచ్చిన్‌లోని పరదేశి సినగాగ్ 1568లో కట్టినది. కొంకణంలో నూనె గానుగలు ఆడించే బెనె ఇజ్రాయెల్ వారు శనివారం పని మానేవారు. అందువల్ల ఇరుగుపొరుగు వారిని "శనివారపు తేలీలు" అని పిలిచేవారు. పొరుగువాడి విశ్రాంతి దినాన్ని ఎగతాళి చేయక, దాన్నే గుర్తింపుగా మార్చుకున్న పిలుపు అది.

స్థానిక సమాజం యూదులను హింసించిన చరిత్ర మన దేశంలో కనబడదని చరిత్రకారులు చెబుతారు. అయితే దీన్ని చెప్పి గర్వపడి ఆగిపోతే సరిపోదు. పోర్చుగీసువారు 1560లో గోవాలో నెలకొల్పిన మతవిచారణ సంస్థ యూదు మూలాలున్నవారిని వేధించింది. 2008 నవంబరు 26న ముంబైపై దాడి చేసిన ఉగ్రవాదులు నారిమన్ హౌస్‌లోని యూదు కేంద్రాన్ని ఎంచుకుని, అక్కడి రబ్బీ గావ్రియెల్ హోల్ట్జ్‌బెర్గ్, ఆయన భార్య రివ్కాతో సహా ఆరుగురిని చంపారు. వారి రెండేళ్ల కొడుకును ప్రాణాలకు తెగించి బయటికి తెచ్చింది ఆ ఇంట్లో ఆయాగా పనిచేసే శాండ్రా శామ్యూల్ అనే భారతీయ మహిళ.

7.5 కొత్తరెడ్డిపాలెం: తెలుగు యూదులు

7.5.1 నేపథ్యం

బెనె ఎఫ్రాయిము కుటుంబాలు మాదిగ సముదాయానికి చెందినవి. పందొమ్మిదో శతాబ్దిలో తీరాంధ్రలో మాదిగలు పెద్ద సంఖ్యలో బాప్టిస్టు క్రైస్తవంలో చేరారు. ఒంగోలు మిషన్‌లో జాన్ క్లౌ కాలంలో 1878 జులై 3న ఒక్కరోజునే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కొత్తరెడ్డిపాలెం కుటుంబాల వెనుకటి తరాలు కూడా బాప్టిస్టులే.

1980ల చివరలో షమూయేల్ యాకోబి, సాదోక్ యాకోబి అనే సోదరుల నాయకత్వంలో ఈ కుటుంబాలు తాము ఇజ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిము సంతతివారమని ప్రకటించి, యూదు ఆచారాలను పాటించడం మొదలుపెట్టాయి. 1990ల తొలి ఏళ్లలో గ్రామంలో సినగాగ్ ఏర్పడింది. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేవరకు సబ్బాతు పాటిస్తారు. పస్కా వంటి పండుగలు చేసుకుంటారు. ప్రార్థనల్లో హీబ్రూతో పాటు తెలుగు వినిపిస్తుంది.

ఆ కాలాన్ని గుర్తు చేసుకోండి. 1985 జులై 17న కారంచేడులో మాదిగలపై దాడి జరిగింది. 1991 ఆగస్టు 6న చుండూరులో దళితుల ఊచకోత జరిగింది. 1994లో మాదిగ దండోరా ఉద్యమం మొదలైంది. "మేము ఎవరం? మమ్మల్ని తక్కువ చేసిన చరిత్రకు ముందు మా చరిత్ర ఏమిటి?" అనే ప్రశ్న ఆ నేల మీద గట్టిగా వినిపించిన రోజులవి. కొత్తరెడ్డిపాలెం సమాధానం ఆ ప్రశ్నకు వచ్చిన అనేక సమాధానాల్లో ఒకటిగా కూడా చదవవచ్చు. యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు ఈ సముదాయంపై రాసిన గ్రంథం 2013లో వెలువడింది. కులం, మతం రెండింటినీ కలిపి చూడకుండా ఈ చరిత్ర అర్థం కాదని దాని పేరే సూచిస్తుంది.

7.5.2 "నిజమైన యూదులేనా?" అనే ప్రశ్న

వీరిని చూసినవారు మొదట వేసే ప్రశ్న ఇది. ఎఫ్రాయిము సంతతి అన్నది వారి విశ్వాసం, వారి మౌఖిక సంప్రదాయం. దానికి శాసనాధారం లేదు. ఈశాన్య భారతంలోని బెనె మెనషే సముదాయాన్ని 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ ఇజ్రాయేలు సంతతిగా గుర్తించారు. అటువంటి గుర్తింపు తెలుగు యూదులకు రాలేదు.

ఇక్కడ మీరు రెండు ప్రశ్నలను వేరు చేయాలి. వారి పూర్వీకులు ఎక్కడినుంచి వచ్చారన్నది చరిత్రకారులు పరిశీలించవలసిన ప్రశ్న. తమ విశ్వాసం ప్రకారం నిర్భయంగా బతికే హక్కు వారికి ఉందా అన్నది పౌరులందరి ప్రశ్న. మొదటిదానికి జవాబు దొరికేవరకు రెండోది ఆగనక్కరలేదు. రాజ్యాంగం 25వ అధికరణం మత స్వేచ్ఛకు వంశవృక్షం చూపమని అడగదు. ఇతరుల విశ్వాసాన్ని ఇంత లోతుగా ప్రశ్నించనివారు కూలి కుటుంబాల విశ్వాసాన్ని మాత్రం "ఏదో లాభం కోసమే" అని తేల్చేయడం గమనించండి. ఆ తేల్చివేతలో కులం వాసన ఉంది.

7.5.3 ధ్రువపత్రాల సమస్య

1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం హిందువులు, సిక్కులు (1956 నుంచి), బౌద్ధులు (1990 నుంచి) మాత్రమే షెడ్యూల్డ్ కులాల హోదాకు అర్హులు. క్రైస్తవం స్వీకరించిన షెడ్యూల్డ్ కులాలవారికి మన రాష్ట్రంలో బీసీ–సి వర్గంలో చోటుంది. యూదు మతం పేరు ఈ రెండింటిలోనూ లేదు. షెడ్యూల్డ్ తెగలకు ఇటువంటి మత షరతు లేదు కనుక, ఏజెన్సీ విద్యార్థులు ఈ ఇబ్బందిని ప్రత్యేకంగా ఆలోచించి చూడాలి. దరఖాస్తులో "మతం" అన్న గడిలో మనసులో ఉన్నది రాస్తే పిల్లల చదువుకు వచ్చే సాయం పోవచ్చు. సాయం కోసం రాస్తే మనసులో ఉన్నది దాచుకోవాలి. కులవివక్ష మాత్రం మతం మారినంత మాత్రాన ఆగదు.

కేంద్ర ప్రభుత్వం గుర్తించిన మైనారిటీ మతాలు ఆరు: ముస్లిములు, క్రైస్తవులు, సిక్కులు, బౌద్ధులు, పార్సీలు, జైనులు. యూదులు ఈ జాబితాలో లేరు. మహారాష్ట్ర 2016లో, గుజరాత్ 2018లో తమ పరిధిలో యూదులకు మైనారిటీ హోదా ఇచ్చాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
1. బెనె ఎఫ్రాయిము సముదాయం ఏర్పడిన సామాజిక నేపథ్యాన్ని తెలపండి.
2. ధ్రువపత్రాల విషయంలో వీరు ఎదుర్కొనే చిక్కు ఏమిటి?

7.6 సముదాయ జీవనానికి అవసరమైనవి

ద్వేషాన్ని ఎదిరించడం ఈ పనిలో సగమే. దాడి జరగలేదు కనుక సముదాయం క్షేమంగా ఉందనుకోరాదు. యూదు సంప్రదాయంలో సామూహిక ప్రార్థనకు కనీసం పదిమంది వయోజనులు కావాలి. అంటే ఒక్కడుగా యూదుడై ఉండడం కష్టం. ప్రార్థనకు చోటు, పిల్లలకు మతవిద్య చెప్పేవారు, ఆచారం ప్రకారం ఆహారం, ఖననానికి స్థలం, పండుగ జరుపుకునే తీరిక ఉండాలి. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో దేశంలో సుమారు 26 వేల మంది యూదులు ఉండేవారు. ఇజ్రాయెల్ తదితర దేశాలకు వలసల వల్ల నేడు కొన్ని వేలే మిగిలారు. చాలాచోట్ల సినగాగ్ ఉన్నా పదిమంది కూడడం కష్టమైంది.

కూలి మనిషికి సబ్బాతు అంటే వారంలో ఒకరోజు కూలి పోగొట్టుకోవడం. విద్యార్థికి సబ్బాతు అంటే ఏమిటి? మన అధ్యయన కేంద్రాల్లో తరగతులు సెలవు దినాల్లో, వారాంతాల్లో జరుగుతాయి. పరీక్ష శనివారం పడవచ్చు. మీ పక్కన కూర్చున్నది ఒక తెలుగు యూదు యువతి అనుకోండి. శనివారం కలం పట్టకూడదన్నది ఆమె నియమం. సంవత్సరం పోగొట్టుకోవాలా, నియమం వదులుకోవాలా? శనివారాన్ని పాటించే సెవెంత్ డే అడ్వెంటిస్టు క్రైస్తవ విద్యార్థులదీ ఇదే ఇబ్బంది. తోటి విద్యార్థులుగా మీరు ఆ రోజు నోట్సు ఆమెకు అందించవచ్చు. తేదీ మార్చే వీలుందేమో కనుక్కోవడానికి ఆమెతో పాటు వెళ్లి అర్జీ ఇవ్వవచ్చు. సముదాయ జీవనానికి సహకారం అంటే ఇటువంటి చిన్న పనులే.

7.7 యూదు వ్యతిరేకతను ఎదుర్కొనే మార్గాలు

(అ) వదంతిని ఆపడం: "వాళ్లే అంతా నడిపిస్తున్నారు" అనే సందేశం వచ్చినప్పుడు ఆధారం అడగండి. ఆధారం లేనిదాన్ని ముందుకు పంపకండి. పంపినవారు బంధువైతే గుంపులో అవమానించక, విడిగా చెప్పండి.

(ఆ) మాటను సవరించుకోవడం: క్రమశిక్షణ ఎక్కువైన ఇంటి పెద్దను మనం సరదాగా "హిట్లర్" అంటాం. 1997లో ఆ పేరుతో తెలుగు సినిమా కూడా వచ్చింది. అందులో చెల్లెళ్లను కట్టడి చేసే అన్నకు ఆ పేరు. ఇందులో యూదుల మీద ద్వేషమేమీ లేదు. అయితే 60 లక్షల మంది హత్యకు కారకుడైనవాడి పేరు మన నోట ముద్దుపేరుగా మారిందంటే ఆ చరిత్ర మనకు అందలేదని అర్థం. పరీక్షలో ఆ అధ్యాయం చదవడమే దీనికి మందు.

(ఇ) ప్రభుత్వాన్నీ ప్రజలనూ వేరు చేయడం: ఇజ్రాయెల్ ప్రభుత్వ విధానాలను విమర్శించడం, పాలస్తీనా ప్రజల బాధను గురించి మాట్లాడడం వాటంతట అవే యూదు వ్యతిరేకత కావు. ఆ ప్రభుత్వం చేసిన పనికి కొత్తరెడ్డిపాలెం కుటుంబాన్నో కొచ్చిన్ వృద్ధుణ్ణో జవాబుదారీ చేయడం యూదు వ్యతిరేకత. ఈ గీత ఎక్కడ గీయాలన్న దానిపై 2016 నాటి అంతర్జాతీయ హోలోకాస్ట్ స్మరణ కూటమి నిర్వచనం, 2021 నాటి జెరూసలేం ప్రకటన భిన్నమైన సూచనలు చేశాయి. మీరు వేసుకోవలసిన ప్రశ్న తేలికైనది: ఈ మాట ఒక పనిని విమర్శిస్తోందా, ఒక పుట్టుకనా? అదే ప్రశ్న ముస్లిముల గురించి మాట్లాడేటప్పుడూ వేసుకోవాలి. ఒక ద్వేషానికి విరుగుడు మరో ద్వేషం కాదు.

(ఈ) చట్టాన్ని తెలుసుకోవడం: మతం, జాతి వంటి కారణాలపై వర్గాల మధ్య శత్రుత్వం పెంచడం భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షన్ కింద, మత భావాలను ఉద్దేశపూర్వకంగా గాయపరచడం 299వ సెక్షన్ కింద నేరాలు.

(ఉ) ఇతరుల బాధలో మన వాటా గుర్తించడం: అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం, జాన్సన్ కౌంటీలో 2014 ఏప్రిల్ 13న ఒక జాతిద్వేషి యూదులను చంపాలని యూదు కేంద్రాల వద్ద కాల్పులు జరిపాడు. చనిపోయిన ముగ్గురిలో ఒక్కరూ యూదులు కారు, అందరూ క్రైస్తవులు. అదే కౌంటీలోని ఒలేతేలో 2017 ఫిబ్రవరి 22న మరొక ద్వేషి తెలుగు ఇంజనీరు శ్రీనివాస్ కూచిభొట్లను కాల్చి చంపాడు. ఆయనను ఇరాన్ దేశస్థుడని హంతకుడు అనుకున్నాడు. ద్వేషం గుర్తింపు కార్డు అడిగి కాల్చదు. యూదుడి మీద పడిన రాయి మనది కాదనుకునే తెలుగువారు ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూడాలి.

7.8 సారాంశం

యూదు వ్యతిరేకత యూదులు లేనిచోట కూడా మాటల ద్వారా, కథల ద్వారా బతుకుతుంది. కారణం తెలియని కష్టానికి బాధ్యుణ్ణి వెతకడం, వృత్తిని గుణంగా చూడడం, కల్పిత పత్రాలను నమ్మడం దాని మూలాలు. నేరస్థ జాతుల ముద్ర, చిల్లంగి ఆరోపణ, కులవివక్ష ఎరిగిన తెలుగు సమాజం దీన్ని సులభంగా అర్థం చేసుకోగలదు. కొత్తరెడ్డిపాలెం యూదులు విశ్వాసం, కులం, ధ్రువపత్రం అనే మూడింటి మధ్య తమ జీవితాన్ని నిర్మించుకుంటున్నారు. వారిని ద్వేషించకుండా ఉండడంతో మన పని పూర్తి కాదు. వారు తమ శనివారాన్ని తాము పాటించుకుంటూ, పిల్లలను చదివించుకుంటూ, ఇక్కడే తెలుగువారిగా ఉండగలిగితేనే అది పూర్తయినట్లు.

7.9 ముఖ్య పదాలు

సినగాగ్: యూదుల ప్రార్థనా మందిరం, తెలుగు బైబిలులో సమాజమందిరం.
సబ్బాతు: శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేవరకు పాటించే విశ్రాంతి దినం.
హోలోకాస్ట్: నాజీ పాలనలో జరిగిన యూదుల సామూహిక హత్యాకాండ.
రబ్బీ: యూదు మత గురువు.

7.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. యూదు వ్యతిరేకత పుట్టుకకు కారణాలను ఉదాహరణలతో వివరించండి.
2. కొత్తరెడ్డిపాలెం యూదు సముదాయం ఎదుర్కొంటున్న సమస్యలను చర్చించండి.

II. ఈ ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఒక జాతిని పొగిడే సాధారణీకరణ కూడా ఎందుకు ప్రమాదకరం?
2. మీ ప్రాంతంలో ఏదైనా ఒక సముదాయంపై ప్రచారంలో ఉన్న నిందను తీసుకుని, అది ఎలా పుట్టి ఉంటుందో ఈ పాఠం ఆధారంగా విశ్లేషించండి.